ఒంటరి డెవలపర్, లైసెన్సు, డబ్బు కట్టని వాడకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్కరే కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని నలుగురి ముందు పెట్టినవాళ్ళ కోసం ఈ పేజీ. నేను ఒక చిన్న డెస్క్‌టాప్ టూల్ అమ్ముతాను, దాంతోపాటు ఒక లైబ్రరీని (వేరే ప్రోగ్రాములు కలుపుకుని వాడే కోడ్) ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా చూసి, మార్చి వాడుకునేలా, నడుపుతున్నాను. ఈ రెండు పనుల్లోనూ తోటి డెవలపర్లు పదేపదే అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి. ఇది న్యాయ సలహా కాదు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, ఎవరికైనా నోటీసు పంపే ముందు కాపీరైట్ చట్టం తెలిసిన లాయరుకు చూపించండి.

నా సాఫ్ట్‌వేర్ వాడుకుంటున్నారు, పైసా ఇవ్వడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ లైసెన్సు ఫైలు తెరిచి మీరే ఒకసారి చదవండి. వాళ్ళు మీరు పెట్టిన షరతును దాటారా, లేక మీరిచ్చిన అనుమతినే వాడుకుంటున్నారా అన్నది ముందు తేలాలి. క్రాక్ చేసిన కీతో టూల్ నడుపుతున్న ఆఫీసు, జీపీఎల్ (కలిపి పంచితే సోర్సు, అంటే మూల కోడ్, కూడా ఇవ్వాలనే లైసెన్సు) కింద ఉన్న కోడ్‌ను తన ఉత్పత్తిలో కలిపేసుకుని సోర్సు దాచిన కంపెనీ, ఒక సీటు (ఒకరు వాడే లైసెన్సు) కొని టీమంతటికీ పంచిన మేనేజరు, వీళ్ళంతా మొదటి రకం. వీళ్ళ విషయంలో చట్టం మీ వైపు ఉంది. ఎంఐటీ లైసెన్సు (దాదాపు దేనికైనా వాడుకోనిచ్చేది) కింద పెట్టిన లైబ్రరీని ఒక పెద్ద కంపెనీ తన యాప్‌లో వాడుకుని, మాటవరసకైనా మీకు చెప్పకపోవడం రెండో రకం. అక్కడ ఎవరూ ఏ తప్పూ చేయలేదు. బాధ నిజమే. ఆ బాధ తీరే దారి మాత్రం లాయరు దగ్గర దొరకదు, అమ్మకం నేర్చుకోవడంలో దొరుకుతుంది.

నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది రెండో రకం బాధతో వచ్చి మొదటి రకం వైద్యం అడుగుతారు. ఈ పేజీలో చాలా భాగం ఆ చిక్కుముడి విప్పడానికే.

ఈ గొడవ ఓపెన్ సోర్స్ వచ్చాకే మొదలైందా?

అంతకంటే పాతది. 1976 ఫిబ్రవరిలో, మైక్రోసాఫ్ట్ పెట్టి ఏడాది కూడా తిరగకముందే, బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశారు. తమ కంపెనీ రాసిన ఆల్టెయిర్ బేసిక్ అనే ప్రోగ్రామును వాడుతున్నవాళ్ళలో ఎక్కువమంది దాన్ని కొననే లేదని, వచ్చిన రాయల్టీని పెట్టిన సమయంతో లెక్కేస్తే గంటకు 2 డాలర్లు కూడా గిట్టలేదని ఆయన ఫిర్యాదు. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ఎవరికి వారే దీనికి ఎదురు దారి పట్టారు. కాపీ చేసుకోండి, స్నేహితులకు పంచండి, పనికొస్తే డబ్బు పంపండి అన్నారు. షేర్‌వేర్ అలా పుట్టింది. నాఫ్ రాసిన పీసీ-ఫైల్ అనే డేటాబేస్ ప్రోగ్రాము ఆయన ఉద్యోగం మానేసి దాని మీదే బతికేంత సంపాదించి పెట్టింది. కాపీ చేసినవాళ్ళు రెండు కథల్లోనూ ఉన్నారు. డబ్బు పంపే దారిని ప్రోగ్రాములోనే, వాడేవాడి కళ్ళ ముందు పెట్టింది మాత్రం రెండో కథలోనే.

కోడ్‌ను రిపాజిటరీలో (ఆన్‌లైన్‌లో కోడ్ దాచి పంచే చోటు) పెట్టాను, లైసెన్సు ఏదీ రాయలేదు. ఎవరైనా వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. కాపీరైట్ మీద కుదిరిన బెర్న్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలోనూ, అంటే దాదాపు ప్రపంచమంతా, రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. లైసెన్సు లేదంటే అనుమతి లేదనే అర్థం. కోడ్ బహిరంగంగా కనిపిస్తోంది కాబట్టి తీసుకోవచ్చనుకోవడం చాలామందికి ఉన్న అపోహ. కానీ దీన్ని రక్షణ అనుకుని లైసెన్సు రాయకుండా వదిలేయకండి. జాగ్రత్తగా ఉండే కంపెనీ, అంటే రేపు మీకు డబ్బు కట్టగలిగిన కంపెనీ, లైసెన్సు లేని కోడ్ జోలికి రాదు. అజాగ్రత్తగా ఉండేవాడు ఎలాగూ తీసుకుపోతాడు.

కాపీరైట్‌ను రిజిస్టర్ చేయించాలా?

హక్కు కోసం అక్కర్లేదు, దావా కోసం కొన్నిచోట్ల కావాలి. అమెరికాలో అక్కడి రచనల మీద దావా వేయాలంటే ముందు రిజిస్ట్రేషన్ పూర్తి కావాలని 2019లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఉల్లంఘన మొదలయ్యే ముందే, లేదా మొదట విడుదల చేసిన మూడు నెలల్లోపు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు నష్టాన్ని రూపాయి రూపాయిగా రుజువు చేయకుండానే చట్టం నిర్ణయించిన పరిహారం అడగవచ్చు. కావాలని చేసిన ఉల్లంఘనకు అది ఒక్కో రచనకు 1,50,000 డాలర్ల దాకా వెళ్తుంది. మీ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది అక్కడివాళ్ళయితే ఆ చిన్న ఫీజు కట్టడం మేలు.

ఎంఐటీ కింద ఇచ్చేశాను. ఇప్పుడు కోట్లు సంపాదిస్తున్న కంపెనీ దాని మీదే నడుస్తోంది. వెనక్కి తీసుకోవచ్చా?

ఇచ్చిన వెర్షన్‌ను వెనక్కి తీసుకోలేరు. తర్వాతి వెర్షన్ నుంచి వేరే లైసెన్సు పెట్టుకోవచ్చు, పాత వెర్షన్ మాత్రం పాత షరతుల మీదే లోకంలో తిరుగుతూ ఉంటుంది.

ఒక విషయం చూసుకోండి. ఎంఐటీ కూడా ఒక షరతు పెడుతుంది: కాపీరైట్ నోటీసును, లైసెన్సు పాఠాన్ని ప్రతి కాపీతో పాటు ఉంచాలి. ఈ ఒక్క పనీ చేయని ఉత్పత్తులు ఎన్నో. వాళ్ళ యాప్‌లో లైసెన్సుల పేజీ వెతకండి. మీ పేరు లేకపోతే మర్యాదగా అడగడానికి మీకు పూర్తి హక్కుంది. దాంతో డబ్బు రాదు, పేరు వస్తుంది. తర్వాత ఎవరికైనా కొటేషన్ పంపేటప్పుడు ఫలానా ఉత్పత్తిలో మా లైబ్రరీ ఉందని రాసుకోవడానికి అది పనికొస్తుంది.

అయితే జీపీఎల్ పెడితే కంపెనీలు డబ్బు కడతాయా?

జీపీఎల్ ఎవరి చేతా డబ్బు కట్టించదు. మీ కోడ్ కలిపి ప్రోగ్రామును బయటికి పంచితే దాని సోర్సు కూడా అవే షరతుల మీద ఇవ్వమంటుంది, అంతే. ఆ షరతు ఇష్టంలేని కంపెనీకి మీరు డబ్బు తీసుకుని వేరే లైసెన్సు ఇస్తే, అప్పుడు అది వ్యాపారం అవుతుంది. దీన్నే డ్యుయల్ లైసెన్సింగ్ అంటారు. మైఎస్‌క్యూఎల్, క్యూట్, ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్లు ఇలాగే పెరిగాయి.

ఒంటరి డెవలపర్‌కు నాకు తెలిసిన దారుల్లో నిలకడైనది ఇదే, కానీ అన్నిటికీ సరిపోదు. లైబ్రరీకి బాగా నప్పుతుంది, ఎందుకంటే కంపెనీ దాన్ని తన ఉత్పత్తిలో కలిపి పంచుతుంది. సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కు మామూలు జీపీఎల్ సరిపోదు. సర్వర్ మీద నడపడం పంచడం కిందికి రాదు, కాబట్టి షరతే పుట్టదు. 2007 నవంబరులో వచ్చిన ఏజీపీఎల్ (జీపీఎల్‌కు ఇంకా కఠినమైన రూపం) మూడో వెర్షన్ ఆ సందును మూసింది. మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్క్ ద్వారా వాడేవాళ్ళకు కూడా సోర్సు అందుబాటులో ఉంచమంటుంది. చాలా కంపెనీలు దీన్ని చూస్తేనే బెదురుతాయి. ఏజీపీఎల్ కోడ్ వాడకూడదని గూగుల్ తన ఉద్యోగులకు బహిరంగంగానే నియమం పెట్టింది. వాణిజ్య లైసెన్సు అమ్మదలచుకున్నవాళ్ళకు ఆ బెదురే ఆస్తి. ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళడమే మీ లక్ష్యమైతే అదే అడ్డంకి. రెండూ కావాలంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. వేరే లైసెన్సు అమ్మాలంటే మొత్తం కోడ్ మీద హక్కు మీకే ఉండాలి. బయటివాళ్ళు పంపిన ప్యాచ్‌ల (కోడ్ సవరణల) మీద కాపీరైట్ వాళ్ళది. లైనక్స్ కెర్నెల్ వాళ్ళు 2004లో తెచ్చిన డీసీఓ సంతకం, ఈ కోడ్ పంపే హక్కు నాకుందని చెప్పే హామీ మాత్రమే. మీరు దాన్ని ఇంకో లైసెన్సు కింద అమ్ముకునే హక్కు అది ఇవ్వదు. దానికి సీఎల్ఏ, అంటే కోడ్ పంపినవాళ్ళు ఆ హక్కు మీకు రాసిచ్చే ఒప్పందం, కావాలి. మొదటి ప్యాచ్ తీసుకునే ముందే పెట్టండి. మూడేళ్ళ తర్వాత, మెయిలుకు జవాబివ్వని పాత కంట్రిబ్యూటర్ల కోసం వెతుక్కుంటూ ఆగిపోయిన ప్రాజెక్టులు నాకు తెలుసు.

“వ్యాపారానికి వాడకూడదు” అని ఒక వాక్యం నేనే రాసుకుంటే సరిపోదా?

దయచేసి అలా చేయకండి. ఏది వ్యాపారం? ప్రకటనలున్న బ్లాగు వ్యాపారమా? ఫీజు తీసుకునే కాలేజీ? లాభం చూసుకోని ఆస్పత్రి? మీ వాక్యానికి జవాబుండదు, మంచివాళ్ళు భయపడి దూరంగా ఉంటారు, మిగతావాళ్ళు తమకు నచ్చిన అర్థం తీసుకుంటారు. క్రియేటివ్ కామన్స్‌లోని వాణిజ్యేతర లైసెన్సు తగిలించడమూ పరిష్కారం కాదు. తమ లైసెన్సులు సాఫ్ట్‌వేర్‌కు వాడొద్దని ఆ సంస్థే సలహా ఇస్తుంది.

లాయర్లు రాసి, ఇప్పటికే చాలామంది చదివి ఉన్న పాఠాన్ని తీసుకోండి. మరియాడీబీ అనే డేటాబేస్ కంపెనీ వాళ్ళు తెచ్చిన బిజినెస్ సోర్స్ లైసెన్సు అలాంటిది. సోర్సు కనిపిస్తుంది, ఏ వాడకానికి అనుమతి ఉందో మీరు నింపే ఒక గడిలో ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్ళకు ఆ వెర్షన్ ఓపెన్ సోర్స్ అయిపోతుంది. కాకపోతే ఆ గడువు దాకా దాన్ని ఓపెన్ సోర్స్ అనకండి. ఆ మాటకు 1998 నుంచి ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ చెప్పే స్పష్టమైన నిర్వచనం ఉంది, ఏ రంగంలో వాడకాన్నయినా అడ్డుకునే లైసెన్సు అందులోకి రాదు.

పెద్ద ప్రాజెక్టులు మధ్యలో లైసెన్సు మార్చాయి కదా. నేనూ మార్చనా?

వాళ్ళకు ఏమైందో చూసి నిర్ణయించుకోండి. 2018లో మాంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో హాషికార్ప్, 2024 మార్చిలో రెడిస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ లైసెన్సులను బిగించాయి. ఎలాస్టిక్‌కు పోటీగా ఓపెన్‌సెర్చ్, హాషికార్ప్ వాళ్ళ టెర్రాఫామ్‌కు పోటీగా ఓపెన్‌టోఫు, రెడిస్‌కు పోటీగా కొద్ది రోజుల్లోనే వాల్కీ, పాత లైసెన్సు కింద ఉన్న కోడ్ నుంచే, పుట్టుకొచ్చాయి. తర్వాత ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా పెట్టి ఓపెన్ సోర్స్ వైపు తిరిగొచ్చాయి. అవన్నీ లాయర్లు, సేల్స్ టీములు, పెట్టుబడి ఉన్న కంపెనీలు. మీ దగ్గర ఉన్నది వాడేవాళ్ళ నమ్మకం ఒక్కటే. మార్చాల్సి వస్తే కొత్తగా రాసే భాగాలకు కొత్త లైసెన్సు పెట్టండి, ఉన్నదాన్ని అలాగే ఉంచండి, మార్పును నెలల ముందు చెప్పండి. సైడ్‌కిక్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతిలోనే నడుస్తోంది. మూల లైబ్రరీ ఓపెన్ సోర్స్, పెద్ద కంపెనీలకు కావాల్సిన అదనపు సౌకర్యాలు డబ్బుకు.

విరాళాల బటన్ పెట్టాను. ఎవరూ నొక్కడం లేదు. ఎందుకు?

వ్యక్తులు నొక్కుతారు, కంపెనీలు నొక్కవు. దీనికి అందరూ గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు ఇంటర్‌నెట్‌లో భద్రమైన వెబ్‌సైట్లలో అధిక భాగం ఆ లైబ్రరీ మీదే ఆధారపడి ఉన్నాయి. బ్యాంకులు, ప్రభుత్వాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం దాని మీద పనిచేసేది ఒక్కరు. లోపం వార్తల్లోకి ఎక్కిన నెలలోనే లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో పెద్ద కంపెనీలు నిధి పోగు చేశాయి. డబ్బు అంతకుముందూ ఉంది. దాన్ని ఇవ్వాల్సిన పని ఎవరి బల్ల మీదా లేదు.

కంపెనీలో మీ లైబ్రరీని ఎంచుకున్నది ఒక ఇంజినీరు. ఆయనకు మీ మీద గౌరవం ఉంటుంది, విరాళం ఇచ్చే అధికారం ఉండదు. అధికారమున్న మేనేజరు ఆ ఖర్చును ఏ పద్దు కింద రాయాలో తెలియక ఊరుకుంటాడు. అదే మనిషి సపోర్ట్ ఒప్పందానికో వాణిజ్య లైసెన్సుకో ఇన్‌వాయిస్ వస్తే, అందులో అంకె విరాళానికి ఎన్నో రెట్లున్నా, మారుమాట లేకుండా సంతకం పెడతాడు. కొనడానికి వాళ్ళ దగ్గర పద్ధతి ఉంది, ఇవ్వడానికి లేదు. గిట్‌హబ్ స్పాన్సర్స్, ఓపెన్ కలెక్టివ్ లాంటి విరాళాల సైట్లు ఉంచుకోండి, కాదనను. వాటి మీద నెల గడుస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి.

మరి కంపెనీకి ఏం అమ్మాలి? కోడ్ ఉచితమే కదా.

వాళ్ళకు కోడ్ తర్వాత కావాల్సినవన్నీ అమ్మవచ్చు. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాసి ఉన్న సపోర్ట్ ఒప్పందం, పాత వెర్షన్‌కు భద్రతా సవరణలు, వాళ్ళ పద్ధతికి తగ్గ బిల్డ్, కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు రెండు రోజుల సాయం. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ను చూడండి. అది పబ్లిక్ డొమైన్, ఎవరికీ ఏ అనుమతీ అక్కర్లేదు. అయినా తమ లాయర్లకు చూపించడానికి కాగితం కావాలనే కంపెనీల కోసం హక్కుల హామీ పత్రాన్ని వాళ్ళు డబ్బుకు అమ్ముతారు.

అవకాశం మీ ఇన్‌బాక్స్‌లోకే వస్తుంది, గుర్తుపట్టాలి. 2022 జనవరిలో, లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడ్డాక, కర్ల్ అనే ఉచిత టూల్ రచయిత డేనియల్ స్టెన్‌బర్గ్‌కు ఒక భారీ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీ ఉత్పత్తిలో ఆ లోపం ఉందా, ఏం చర్యలు తీసుకున్నారు, 24 గంటల్లో జవాబు కావాలి అని. ఆ కంపెనీ ఆయనకు ఎప్పుడూ ఏమీ చెల్లించలేదు. సపోర్ట్ ఒప్పందం చేసుకుంటే సంతోషంగా జవాబిస్తానని ఆయన తిరిగి రాశారు. నేను నేర్చుకున్న జవాబు కూడా అదే. భద్రతా ప్రశ్నావళి నింపమన్నా, ఫలానా తేదీలోపు బగ్ సరిచేయమన్నా, వెండర్‌గా నమోదు కమ్మన్నా, వాళ్ళు మిమ్మల్ని అప్పటికే అమ్మకందారుగా చూస్తున్నారు. ధరల పట్టిక పంపండి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ధరను వెబ్‌సైట్ మీద అంకెలతో రాయండి. “మమ్మల్ని సంప్రదించండి” అని రాస్తే సగంమంది సంప్రదించరు. ఇన్‌వాయిస్, కొనుగోలు ఆర్డర్, బ్యాంకు బదిలీ మూడింటికీ వీలుండాలి. కార్డు మాత్రమే తీసుకుంటామంటే పెద్ద కంపెనీ కొనలేదు.

నేను అమ్మేది అప్లికేషన్. కీని క్రాక్ చేయకుండా ఎలా ఆపాలి?

ఆపలేరు. ఎంత శ్రమ పెట్టాలో మాత్రం నిర్ణయించుకోగలరు. పాతకాలపు పద్ధతిలో కీని సరిచూసే లెక్క మొత్తం ప్రోగ్రాములోనే ఉండేది. దాన్ని చదివి తిరగేస్తే కీజెన్ (దొంగ కీలు పుట్టించే ప్రోగ్రాము) తయారు. ఇప్పుడు ఈడీ25519 లాంటి డిజిటల్ సంతకం వాడితే ఆ సంగతి తీరిపోతుంది. కొన్నవాడి పేరు, మెయిలు, గడువు, సీట్లు ఒక చిన్న ఫైలులో రాసి మీ దగ్గరున్న రహస్య కీతో సంతకం చేయండి. ప్రోగ్రాములో బహిరంగ కీ మాత్రమే ఉంటుంది, దాంతో సరిచూడొచ్చు కానీ కొత్త కీ తయారు చేయలేరు. ఇంటర్‌నెట్ కూడా అక్కర్లేదు. క్రాక్ చేసేవాడు ఇక ప్రోగ్రామునే మార్చాలి, ప్రతి కొత్త వెర్షన్‌కూ మళ్ళీ మార్చాలి.

అక్కడితో ఆగమంటాను. హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు నంబర్లతో కీని ముడిపెట్టినవాళ్ళు ఆ తర్వాత కాలమంతా డబ్బు కట్టినవాళ్ళకు క్షమాపణలు చెప్పుకుంటూ గడుపుతారు. కంప్యూటర్ రిపేరుకు వెళ్ళిందంటే కీ చచ్చిపోతుంది. క్రాక్ వాడేవాడికి ఈ ఇబ్బంది ఉండదు, అది తీసేసిన కాపీ కదా వాడిది. కొన్నవాడికంటే కొననివాడికి మంచి సాఫ్ట్‌వేర్ అందించడం ఘోరం. ఆన్‌లైన్‌లో సరిచూడక తప్పదనుకుంటే సర్వర్ దొరకనప్పుడు కొన్ని వారాలు మామూలుగా నడవనివ్వండి.

అమ్మకం వైపు ఇంకో దెబ్బ ఉంది, కొత్తవాళ్ళు ఊహించరు. దొంగిలించిన కార్డులతో కీలు కొని వేరేచోట చవగ్గా అమ్మేస్తారు. కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేశాక బ్యాంకు మీ డబ్బు వెనక్కి లాక్కుంటుంది, పైన రుసుము వేస్తుంది. అందుకే కీని రద్దు చేసే వీలు మొదటి రోజునుంచే ఉండాలి. పన్నుల సంగతి మర్చంట్ ఆఫ్ రికార్డ్ సేవలకు (మీ బదులు అమ్మకందారుగా నిలిచి పన్ను కట్టే సంస్థలు) వదిలేయండి. 2015 నుంచి యూరప్‌లో డిజిటల్ సేవలకు వ్యాట్ కొనేవాడి దేశపు రేటున కట్టాలి. ఒక్క మనిషి ఆ లెక్కలు వేస్తూ కూర్చుంటే కోడ్ రాసేదెప్పుడు?

ట్రయల్ ఎన్ని రోజులుండాలి?

వాడేవాడు తన అసలు పనిలో మీ టూల్‌ను ఒకసారి పూర్తిగా వాడి చూసేంత. నెలకోసారి చేసే పనికి ఏడు రోజుల ట్రయల్ ఇస్తే ఇవ్వనట్టే. విన్‌రార్ 40 రోజులిచ్చి, ఆ తర్వాత కూడా ఆగిపోకుండా గుర్తుచేస్తూనే నడుస్తుంది.

క్రాక్ చేసిన కాపీ వాడుతున్నవాళ్ళు సపోర్ట్ అడిగితే?

జవాబివ్వండి. ఒక కంపెనీ నుంచి నాకు వచ్చిన మెయిలు ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతోంది, రేపటికి క్లయింటుకు ఇవ్వాలి, సాయం చేయండి అని. జత చేసిన స్క్రీన్‌షాట్‌లో, టైటిల్ బార్ మీద కొన్నవాడి పేరు ఉండాల్సిన చోట, క్రాక్ చేసిన గుంపు పేరు ఉంది. ఒళ్ళు మండింది. కానీ రాసిన మనిషికి ఆ పేరు ఏమిటో కూడా తెలియకపోవచ్చు, ఎవరో ఇన్‌స్టాల్ చేసి ఇచ్చిన కంప్యూటర్ మీద పని చేసుకుంటున్నారు. మీరు చెప్పిన లోపం కొత్త వెర్షన్‌లో సరిచేశాం, మీ కాపీలో ఉన్న కీ మేమిచ్చింది కాదు, ఐదు సీట్ల ధర ఇది, ఈరోజే కొంటే ఈరోజే కీ అందుతుంది అని రాశాను. నిందించే మాట ఒక్కటీ లేదు. సాయంత్రానికి వాళ్ళ కొనుగోలు విభాగం నుంచి ఆర్డరు వచ్చింది.

ప్రతిసారీ అలా జరగదు. చాలామంది తిరిగి రాయరు. కానీ మీ దగ్గరికి సాయం కోసం వచ్చినవాడు, మీ సాఫ్ట్‌వేర్ తన పనికి అవసరమని ఒప్పుకుని వచ్చాడు. ఇంతకంటే దగ్గరి కొనుగోలుదారు దొరకడు. డబ్బు కట్టే స్తోమతే లేని విద్యార్థి అని తెలిస్తే నేను ఊరికే కీ ఇచ్చేస్తాను.

నా కోడ్ మూసేసిన ఉత్పత్తిలో ఉందని అనుమానం. ఎలా తెలుసుకోవడం?

వాళ్ళ ప్రోగ్రాము ఫైలును చట్టబద్ధంగా దొరికిన చోటి నుంచి తెచ్చుకుని దాని మీద స్ట్రింగ్స్ అనే కమాండ్ నడపండి. బైనరీలో దాగిన అక్షరాలన్నీ బయటికి కక్కుతుంది. అందులో మీ ఎర్రర్ సందేశాల కోసం వెతకండి. ఫంక్షన్ల పేర్లు తీసేస్తారు, వేరియబుల్ పేర్లు కంపైలర్‌లోనే పోతాయి, కానీ ఎర్రర్ సందేశాలను ఎవరూ ముట్టుకోరు. మీరు తొందరలో తప్పు స్పెల్లింగ్‌తో రాసిన సందేశం అదే తప్పుతో అక్కడ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. స్థిరమైన పట్టికలు, అసాధారణమైన డిఫాల్ట్ విలువలు కూడా ఇలాగే పట్టిస్తాయి.

కనిపించిన వెంటనే ఎవరికీ రాయకండి. ఫైలు దాచండి, దాని హ్యాష్ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య), దింపుకున్న తేదీ, చోటు రాసుకోండి, స్క్రీన్‌షాట్లు తీయండి. లేఖ అందిన మర్నాడే కొత్త వెర్షన్ వచ్చి పాతది మాయమవుతుంది.

మొదటి లేఖ ఎలా రాయాలి?

పొట్టిగా, వేడి లేకుండా. నేను వాడే నమూనా ఇది:

“నమస్కారం. మీ ఉత్పత్తి ఫలానా వెర్షన్‌లో నేను రాసిన ఫలానా లైబ్రరీ ఉన్నట్టు గమనించాను. వివరాలు జత చేశాను. ఆ లైబ్రరీ జీపీఎల్ మూడో వెర్షన్ కింద ఉంది. మీ ఉత్పత్తితో పాటు లైసెన్సు పాఠం గానీ సోర్సు గానీ నాకు కనబడలేదు. సోర్సు విడుదల చేయడం, లైబ్రరీని తొలగించడం, నా దగ్గర వాణిజ్య లైసెన్సు తీసుకోవడం, వీటిలో మీకు ఏది వీలో 30 రోజుల్లోపు తెలియజేయగలరు. వాణిజ్య లైసెన్సు ధరలు కింద ఉన్నాయి.”

ఆ 30 రోజులకు కారణం ఉంది. మొదటిసారి తప్పు చేసినవాడు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వస్తుందని జీపీఎల్ మూడో వెర్షన్‌లోనే రాసి ఉంది. లేఖను లీగల్ విభాగానికి పంపండి, ఇంజినీర్లకు కాదు. బహిరంగంగా పోస్టు పెట్టడం ఆఖరి మెట్టు. ముందే పెడితే వాళ్ళ లాయర్లు ఇంజినీర్ల నోరు కట్టేస్తారు, ఆ తర్వాత మీతో మాట్లాడేవాళ్ళే ఉండరు.

కోర్టుకు వెళ్తే గెలుస్తానా?

గెలిచినవాళ్ళున్నారు. 2004లో హారాల్డ్ వెల్టే అనే డెవలపర్ తన నెట్‌ఫిల్టర్ (లైనక్స్ ఫైర్‌వాల్) కోడ్‌ను జీపీఎల్ షరతులు పాటించకుండా రౌటర్లలో పెట్టి అమ్మిన కంపెనీ మీద మ్యూనిక్ కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకున్నారు. 2008లో అమెరికాలో జాకబ్‌సెన్, కాట్జర్ కేసు ఇంకా దగ్గరిది. బొమ్మ రైళ్ళను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చిన ఒక వ్యక్తి, పేరు తీసేసి వాడుకున్న అమ్మకందారు మీద వేసిన దావా అది. డబ్బు తీసుకోకుండా ఇచ్చిన కోడ్ అయినా, దాని లైసెన్సు షరతులు దాటితే అది కాపీరైట్ ఉల్లంఘనే కావచ్చని అప్పీలు కోర్టు చెప్పింది. ఉచితంగా ఇవ్వడం వల్ల హక్కు చిన్నదైపోదని ఒక పెద్ద కోర్టు అన్న మాట మన దగ్గర ఉంది.

అయినా నా సలహా, కోర్టును ఆఖరికి ఉంచుకోండి. ఏళ్ళు పడుతుంది, అవతలివాళ్ళు జీతమిచ్చి లాయర్లను పెట్టుకుంటారు, మీరు మాత్రం కోడ్ రాయాల్సిన రోజుల్ని ఖర్చుపెడతారు. చాలా వివాదాలు రెండో లేఖ దగ్గర, లాయరు లెటర్‌హెడ్ చూడగానే తేలిపోతాయి.

క్రాక్ కాపీలు పెట్టిన సైట్లకు టేక్‌డౌన్ నోటీసు పంపడం పనికొస్తుందా?

కొంతవరకు. 1998 నాటి డీఎంసీఏ అనే అమెరికా కాపీరైట్ చట్టం కింద నోటీసు అందితే హోస్టింగ్ సంస్థ ఫైలు తీసేస్తుంది. అవతలివాడు ఎదురు నోటీసు ఇస్తే, మీరు దావా వేయనంతవరకు, 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టవచ్చు. మీది కాని దాని మీద అబద్ధపు నోటీసు పంపితే మీరే బాధ్యులవుతారు. ఒక సైట్ పోతే ఇంకొకటి వస్తుంది కాబట్టి, వెతికితే మొదటి పేజీలో వచ్చేవాటికి మాత్రం పంపి మిగతావి వదిలేయండి.

కోపంతో కోడ్ తీసేస్తే, చెడగొడితే అప్పుడైనా తెలిసొస్తుందా?

తీసేయడం వేరు, చెడగొట్టడం వేరు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని రచయిత ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల కేంద్రం నుంచి తొలగిస్తే వేలాది ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఎన్‌పీఎం ఆ ప్యాకేజీని తిరిగి పెట్టి, తొలగించే నియమాలనే మార్చేసింది. 2022 జనవరిలో కలర్స్ అనే ప్యాకేజీ రచయిత, ఊరికే వాడుకునే కంపెనీల మీద కోపంతో, తన లైబ్రరీలో అనంతంగా తిరిగే లూప్ పెట్టారు. దెబ్బ తగిలింది మీలాంటి చిన్న డెవలపర్లకే. పెద్ద కంపెనీలు పాత వెర్షన్‌కు వెళ్ళిపోయాయి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ తర్వాత మీ పేరు చూసి ఎవరూ ఏదీ కొనరు.

నా కోడ్‌తో ఏఐ మోడళ్ళకు శిక్షణ ఇస్తున్నారు. లైసెన్సుతో ఆపగలనా?

ఇప్పటికి గట్టి హామీ ఎవరూ ఇవ్వలేరు. 2022 నవంబరులో గిట్‌హబ్ కోపైలట్ అనే కోడ్ రాసే ఏఐ టూల్ మీద డెవలపర్లు అమెరికాలో దావా వేస్తే అందులో ఎక్కువ వాదనలను కోర్టు తొలి దశలోనే కొట్టేసింది. మీ లైసెన్సు, కాపీరైట్ వరుసలు ప్రతి ఫైలు పైభాగంలో ఉంచండి. దాచుకోవాల్సిన కోడ్ అయితే బహిరంగ రిపాజిటరీలో పెట్టకండి.

ఉద్యోగం చేస్తూ రాత్రిపూట రాశాను. ఇది నాదేనా?

మీ నియామక ఒప్పందం చదవండి. ఆఫీసు కంప్యూటర్ మీద రాసినా, ఆఫీసు పనికి సంబంధించినదైనా సంస్థదే కావచ్చు. లైసెన్సు పెట్టే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మొదటి పెద్ద కొనుగోలుదారు అడిగేది ఇదే.

అలసిపోయాను. ఆపేయాలనుంది. వాడేవాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఆపడానికి వాళ్ళ ఒప్పుదల అక్కర్లేదు. ఏ ఓపెన్ సోర్స్ లైసెన్సు చూసినా హామీ ఏమీ లేదని రాసి ఉంటుంది, అది మీ కోసం రాసిన వాక్యం. ఆపే పద్ధతి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రాజెక్టును ఏళ్ళ తరబడి ఒక్కరే నడిపారు. అలసిపోయిన ఆయన మీద కొత్త ఖాతాల నుంచి ఒత్తిడి పెరిగింది, పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి బాధ్యత ఇవ్వండి అని. సాయానికి వచ్చి నమ్మకం సంపాదించిన వ్యక్తే తర్వాత అందులో దొంగ తలుపు పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది.

ఒత్తిడి చేసేవాళ్ళకు తాళాలు ఇవ్వకండి. రీడ్‌మీ మొదటి వరుసలో ఇక నిర్వహణ లేదని రాయండి. ఎప్పటివరకు భద్రతా సవరణలు ఇస్తారో ఒక తేదీ చెప్పండి, ఆ తేదీ తర్వాత రిపాజిటరీని ఆర్కైవ్ చేయండి. కావాల్సినవాళ్ళు ఫోర్క్ చేసుకుంటారు, అంటే కోడ్ కాపీ తీసుకుని తామే నడుపుకుంటారు, వేరే పేరుతో, సొంత బాధ్యత మీద. తేదీ తర్వాత కూడా మీరే చూడాలని ఏ కంపెనీ అయినా పట్టుబడితే, పొడిగించిన సపోర్ట్‌కు ఏడాది ధర రాసి ఇన్‌వాయిస్ పంపండి.